పిల్లల తల్లి చదువుకుంటుంటే ఇంట్లోవాళ్లు చేయాల్సిన పనులు

మీ ఇంట్లో కోడలో, కూతురో, భార్యో పిల్లల్ని పెంచుకుంటూ డిగ్రీయో, బీఈడీయో, పీజీయో చదువుతోందా? ఈ ఏడు చేరదామనుకుంటోందా? అయితే ఇది మీ కోసం రాస్తున్నాను. చదివే ఆవిడకి సలహాలు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆవిడ చుట్టూ ఉన్నవాళ్లకి ఏం చేయాలో చెప్పేవాళ్లే తక్కువ.

మన గోదావరి జిల్లాల్లో డిగ్రీ మధ్యలో పెళ్లి, చివరి ఏడాదికి ఒళ్లో బిడ్డ, ఇప్పటికీ చాలా ఇళ్లల్లో జరుగుతున్నదే. "మా అమ్మాయిలాగే చదివిస్తాం" అని పెళ్లిచూపుల్లో మాట ఇచ్చినవాళ్లు చాలామంది మనస్ఫూర్తిగానే ఇస్తారు. నేను చూసిన ఇళ్లల్లో చదువు ఆగిపోయింది ఎవరో వద్దన్నందుకు కాదు, రోజులో రెండు గంటలు దొరక్క. అందుకని కింద చెప్పే పనులన్నీ ఆ గంటలు ఎక్కడినుంచి తేవాలి, ఎవరు ఇవ్వాలి అన్నదాని చుట్టూనే ఉంటాయి.

పిల్లల తండ్రి చదువుతున్నా ఇవన్నీ వర్తిస్తాయి. రొయ్యల చెరువు దగ్గర రాత్రి డ్యూటీ చేస్తూ ఎంబీఏ చదివే కుర్రాడికీ సాయం కావాలి. కాకపోతే తండ్రి పుస్తకం పడితే ఇంట్లో అందరూ గొంతు తగ్గిస్తారు, తల్లి పుస్తకం పడితే ఎవరో ఒకరు కాఫీ అడుగుతారు. అందుకే తల్లి గురించే ఎక్కువ రాస్తున్నాను.

1. ఏ దారిలో చదవాలో ముందే తేల్చుకోండి

ఫీజు కట్టకముందే ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవాల్సింది ఇది. కాలేజీకి వెళ్లి చదవాలా, దూరవిద్యలో చదవాలా? "పిల్లలున్నారు కదా, ప్రైవేటుగా కట్టెయ్యి" అని తేలిగ్గా అనేస్తారు. అన్ని చదువులకీ అది కుదరదు. ఇంజినీరింగ్, నర్సింగ్, ఫార్మసీ, లా లాంటివాటిని యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ దూరవిద్యలో అనుమతించదు.

బీఈడీ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే మనవైపు పెళ్లయ్యాక ఎక్కువమంది ఆడపిల్లలు ఎంచుకునేది అదే. అది రెండేళ్ల కోర్సు. అందులో 20 వారాలు బడుల్లో ఇంటర్న్‌షిప్ చేయాలి, వాటిలో 16 వారాలు రెండో ఏట వస్తాయి. టీచరు చదువులకి నిబంధనలు పెట్టే ఎన్‌సీటీఈ ప్రకారం క్లాసులకి 80 శాతం, ఇంటర్న్‌షిప్‌కి 90 శాతం హాజరు ఉండాలి. "కాలేజీకి రానక్కర్లేదు, మేం చూసుకుంటాం" అని చెప్పేవాళ్లు తగిలితే ఆ ఛాయలకి వెళ్లకండి. రేపు డీఎస్సీ రాసి బడిలో నిలబడాల్సింది ఆవిడ. పిల్లల ముందు నిలబడటం నేర్పేవి ఆ 16 వారాలే. ఆ వారాల్లో ఇంట్లో ఎవరు ఏం చూసుకుంటారో చేరేరోజే మాట్లాడుకోవాలి.

బీఏ, బీకాం, ఎంఏ, ఎంకాంలకైతే దూరవిద్య బాగానే పనికొస్తుంది. కేంద్ర ప్రభుత్వ దూరవిద్య యూనివర్సిటీ ఇగ్నోలో జనవరిలోనూ జులైలోనూ చేరొచ్చు. పరీక్షలు జూన్‌లో, డిసెంబరులో ఉంటాయి. మూడేళ్ల డిగ్రీని ఆరేళ్ల దాకా సాగదీసుకోవచ్చు కాబట్టి మధ్యలో పురుడు వచ్చినా చదువు పోదు. అక్కడ చాలా కోర్సుల్లో 30 శాతం మార్కులు అసైన్‌మెంట్లకే. అవి గడువులోగా అందకపోతే పరీక్ష బాగా రాసినా ఇబ్బందే. ఏ యూనివర్సిటీలో చేరినా ఆ కోర్సుకి ఆ ఏడాది అనుమతి ఉందో లేదో యూజీసీ దూరవిద్య బ్యూరో వెబ్‌సైట్‌లో చూశాకే డబ్బు కట్టండి.

నా అభిప్రాయం అడిగితే, బిడ్డకి ఏడాది నిండకపోతే దూరవిద్య మేలు. బిడ్డ అంగన్‌వాడీకో బడికో వెళ్తుంటే, కాలేజీ గంట ప్రయాణంలో ఉంటే, రెగ్యులరే మేలు. ఇంట్లో ఉండి చదవడం సుఖం అనుకుంటారు గానీ, ఇంట్లో ఉన్న మనిషిని ఎవరూ చదువుతున్న మనిషిగా చూడరు. గ్యాస్ బండ వస్తే ఆవిడే లేవాలి, చుట్టం వస్తే ఆవిడే మంచినీళ్లు ఇవ్వాలి. గడప దాటి వెళ్తే ఆ గంటలు చదువుకే మిగులుతాయి.

మధ్యలో ఆపాల్సివస్తే ఇదివరకటిలా అంతా పోయినట్టు కాదు. యూజీసీ 2021లో తెచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో పాసైన సబ్జెక్టుల క్రెడిట్లు ఏడేళ్ల దాకా నిలవ ఉంటాయి. చేరగానే ఆవిడ ఖాతా తెరిచారో లేదో కాలేజీ ఆఫీసులో అడగండి.

2. కాగితాలు మీరు పట్టుకోండి

చదువు మళ్లీ మొదలుపెట్టే ఆడవాళ్లని ముందు అలసిపోయేలా చేసేవి ఈ కాగితాలే. కాలేజీకీ, సచివాలయానికీ, మీసేవకీ చంటిబిడ్డని చంకనేసుకుని తిరగలేక "వచ్చే ఏడు చూద్దాంలే" అనుకుంటారు. ఆ తిరుగుడు మొత్తం ఇంట్లో ఒకరు తీసుకోండి, భర్తో, మరిదో, నాన్నో.

అన్నిటికంటే ముందు ఇంటిపేరు చూడండి. పదో తరగతి మార్కుల జాబితాలో పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది. పెళ్లయ్యాక ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు ఎక్కిస్తారు. రెండూ కలవక అడ్మిషన్ దగ్గరా, స్కాలర్‌షిప్ దగ్గరా, హాల్‌టికెట్ దగ్గరా ప్రతిసారీ చిక్కే. ఇంకా మార్చకపోతే చదువు అయ్యేదాకా మార్చకండి. మార్చేసి ఉంటే వివాహ ధ్రువపత్రం తీసి, నాలుగైదు జిరాక్సులు ఫైల్లో పెట్టండి. పెళ్లి రిజిస్టర్ చేయించుకోనివాళ్లు ఈ పని ఇప్పుడే చేసుకోవాలి.

కుల ధ్రువపత్రం తండ్రి తరఫున వస్తుంది, భర్త తరఫున కాదు. కాబట్టి పుట్టింటివాళ్ల కాగితాలు కావాలి. ఈ పని పుట్టింట్లో అన్నదమ్ములకి అప్పజెప్పండి. ఆదాయ ధ్రువపత్రం మాత్రం ఇప్పుడు ఉంటున్న కుటుంబానిదే అడుగుతారు. మధ్యలో కొన్నేళ్లు ఖాళీ ఉంటే గ్యాప్ అఫిడవిట్ కావాలంటారు, అది నోటరీ దగ్గర అవుతుంది. వేరే యూనివర్సిటీ నుంచి వస్తుంటే మైగ్రేషన్ సర్టిఫికెట్, పాత కాలేజీ నుంచి టీసీ తెచ్చుకోవాలి. పాత కాలేజీలో టీసీ ఏళ్ల తరబడి ఉండిపోయినవాళ్లు చాలామంది ఉన్నారు. అడ్మిషన్ల గడువు దగ్గరపడ్డాక పరుగెత్తకుండా మే నెలలోనే తెచ్చేసుకోండి.

ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందన్న లెక్కతో చేరబోతుంటే, ఆ కోర్సుకి, ఆ కాలేజీకి, ఆవిడ వయసుకి వర్తిస్తుందో లేదో ముందు సచివాలయంలో కనుక్కోండి. పక్కింటి అమ్మాయికి వచ్చింది కదా అని ధైర్యపడకండి.

3. రోజు మొత్తాన్ని కాగితం మీద పెట్టండి

ఈ పని మిగతా అన్నిటికంటే ముఖ్యం. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ కూర్చోండి. ఆవిడ పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా చేసే పనులన్నీ రాయండి. వాకిలి ఊడ్చి ముగ్గు వేయడం, పాలు కాయడం, మావయ్యగారికి షుగరు బిళ్ల గుర్తుచేయడం, పిల్లలకి స్నానాలు, టిఫిను, క్యారేజీలు, అంట్లు, బట్టలు, పెరట్లో కొబ్బరాకులు ఏరడం, సాయంత్రం హోంవర్కు, డ్వాక్రా మీటింగు, రాత్రి వంట, పాలు తోడుపెట్టడం. రాయడం మొదలుపెడితే మగవాళ్లకి తెలియని పనులు సగం బయటపడతాయి. ఆ కాగితం చూశాక ఇంక ఎవరూ "ఇంట్లో ఖాళీగానే ఉంటుంది కదా, చదువుకోవచ్చుగా" అనలేరు.

తర్వాత ఒక్కో పని ఎదురుగా ఒక పేరు రాయండి. "అవసరమైతే సాయం చేస్తాం" అని రాయకండి. ఎవరి పేరు రాస్తే ఆ పని పూర్తిగా వాళ్లది, గుర్తుపెట్టుకోవడం కూడా వాళ్లదే. ఎక్కువమంది భర్తలు తప్పిపోయేది ఇక్కడే. "చెప్పు, ఏం తేవాలో తెస్తాను" అంటారు. పప్పులు అయిపోయాయో లేదో చూసి, చీటీ రాసి ఇవ్వడం మళ్లీ ఆవిడే చేస్తే, మీరు తగ్గించింది సైకిల్ తొక్కే పని మాత్రమే. సరుకులు మీ పని అయితే డబ్బాలు తెరిచి చూడటం కూడా మీ పనే.

పిల్లల బడిలో, అంగన్‌వాడీలో మొదటి ఫోన్ నంబరుగా చదువుకుంటున్న తల్లిది కాకుండా ఇంట్లో ఇంకొకరి నంబరు ఇవ్వండి. ఒంట్లో బాగోలేదని బడి నుంచి ఫోన్ వస్తే క్లాసులో ఉన్న తల్లి ఎందుకు లేచి రావాలి? ఇంటి దగ్గర పొలంలోనో కొట్టులోనో ఉన్న తండ్రి వెళ్లొచ్చు. ఈ ఒక్క మార్పుకి ఖర్చేమీ లేదు, చాలా హాజరు మాత్రం మిగులుతుంది.

చదువుకునే గంటలు రోజూ ఒకే వేళకి పెట్టండి. పొద్దున్న నాలుగున్నరకి లేచి చదువుకోమనడం మనవాళ్లకి అలవాటు. రాత్రి పదకొండుకి పడుకుని, మధ్యలో బిడ్డకి రెండుసార్లు లేచి పాలిచ్చిన మనిషికి ఆ సలహా ఇవ్వకండి. సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా అనుకుందాం. ఆ వేళకి ఆవిడ గదిలో తలుపేసుకుంటే చాలదు. తల్లి ఇంట్లో ఉందని తెలిస్తే మూడేళ్ల పిల్లాడు ఆ తలుపు కొడుతూనే ఉంటాడు. పిల్లల్నే బయటికి తీసుకెళ్లండి. కాలవ గట్టు దాకా నడిపించండి, రామాలయం దగ్గర ఆడించండి, బాబాయి ఇంటికి తీసుకెళ్లండి. వానాకాలం అది కుదరకపోతే ఆవిడనే పక్కింటి డాబా మీది గదికో, ఊళ్లో గ్రంథాలయానికో పంపండి. చదువుకోవడానికి గది ఇమ్మంటే మన ఊళ్లల్లో కాదనేవాళ్లు తక్కువ. అడగడానికే మొహమాటపడతాం.

వంట తగ్గించండి. చదువుకునే ఇంట్లో రెండు పూటలా నాలుగు రకాలు ఉండనక్కర్లేదు. పరీక్షల నెలలో వారానికి రెండు మూడు రాత్రులు కర్రీ పాయింట్ నుంచి కూర తెచ్చుకుని అన్నం మాత్రం వండుకుంటే తప్పేమీ కాదు. అన్నం వండటం మగవాళ్లూ నేర్చుకోవచ్చు, ఒక్కరోజులో వస్తుంది.

అత్తగారి మాట కూడా చెప్పాలి. కోడలు చదువుకెళ్తే బరువంతా అత్తగారి మీద వేసి, "మా అమ్మ చూసుకుంటుంది" అని కొడుకులు తప్పుకుంటారు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు ఉంటాయి, బీపీ ఉంటుంది, ముప్ఫై ఏళ్లుగా చేసి చేసి అలిసిపోయి ఉంటుంది. కోడలి మీద విసుక్కునేది చదువంటే ఇష్టం లేక కాదు, ఒంట్లో ఓపిక లేక. అత్తయ్యగారికి కూర్చుని చేసే పనులు ఇవ్వండి. మనవరాలికి అన్నం తినిపించడం, కథ చెప్పి పడుకోబెట్టడం లాంటివి. అంట్లకీ బట్టలకీ కుదిరితే పనిమనిషిని పెట్టుకోండి. ఆ జీతాన్ని చదువు ఖర్చులో కలిపి లెక్కేసుకోండి, ఎందుకంటే అది నిజంగా చదువు ఖర్చే.

భర్త గల్ఫ్‌లో ఉంటే? కోనసీమలోనూ పశ్చిమ గోదావరిలోనూ ఇలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి. దూరంగా ఉన్నా మీ పేరు మీదా పనులు రాయాల్సిందే. పరీక్ష ఫీజు గడువులు, హాల్‌టికెట్ డౌన్‌లోడ్, అసైన్‌మెంట్ తేదీలు, ఆన్‌లైన్ దరఖాస్తులు మీరే చూడండి. కువైట్ టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. ఇక్కడ రాత్రి ఎనిమిది అయితే అక్కడ అయిదున్నర. డ్యూటీ దిగాక అరగంట వీడియో కాల్‌లో పిల్లలతో మీరు హోంవర్కు చేయించండి, ఫోన్ నానమ్మ చేతిలో ఉంటుంది, తల్లి పుస్తకం దగ్గర ఉంటుంది. శుక్రవారం సెలవైతే ఇంకో గంట.

4. చంటిబిడ్డ ఉంటే

మొదటి ఆరు నెలలూ బిడ్డకి తల్లిపాలే. క్లాసులున్న రోజు పాలు పిండి ఉంచుకోవచ్చు. 25 డిగ్రీల లోపు చల్లటి గదిలో నాలుగు గంటల దాకా, ఫ్రిజ్‌లో నాలుగు రోజుల దాకా ఆ పాలు బాగుంటాయి. మన ఎండాకాలంలో గది ఎప్పుడూ అంత చల్లగా ఉండదు కాబట్టి పిండిన వెంటనే శుభ్రమైన మూత గిన్నెలో ఫ్రిజ్‌లో పెట్టేయాలి. తాగించేముందు పొయ్యి మీద కాయకూడదు. వేడినీళ్ల గిన్నెలో ఆ పాలగిన్నె ఉంచితే చాలు. బిడ్డ తాగగా మిగిలినవి రెండు గంటలు దాటితే పారబోయాలి. ఇది అమ్మమ్మకీ నానమ్మకీ ఓపిగ్గా చూపించండి. "పిండిన పాలు మంచివి కావు" అని వాళ్లు భయపడితే ఆశా కార్యకర్తతోనో ఏఎన్ఎంతోనో చెప్పించండి, వాళ్ల మాట వింటారు.

టీకాలు ఆరు వారాలకి, పది వారాలకి, పద్నాలుగు వారాలకి, తొమ్మిది నెలలకి ఉంటాయి. ఈ తేదీలు తండ్రి ఫోన్‌లో ఉండాలి, తీసుకెళ్లాల్సింది కూడా తండ్రే. టీకా వేసిన రాత్రి బిడ్డకి జ్వరం రావచ్చు, నిద్రపోకపోవచ్చు. మర్నాడు ఆవిడకి ఇంటర్నల్ పరీక్ష ఉంటే ఆ రాత్రి బిడ్డని ఎత్తుకుని తిప్పేది మీరే.

మూడేళ్లు నిండాక అంగన్‌వాడీలో పూర్వ ప్రాథమిక విద్య ఉంటుంది, మధ్యాహ్నం భోజనం కూడా అక్కడే. ఒకటి నుంచి మూడేళ్ల మధ్య వయసే కష్టం. ఆ రెండేళ్లకి ఊళ్లో అలాంటి తల్లులే ఇద్దరు ముగ్గురు ఉంటే కలిసి ఏర్పాటు చేసుకోవచ్చు. ఒకరికి సోమ, బుధవారాలు, ఇంకొకరికి మంగళ, గురువారాలు. డ్వాక్రా సంఘంలో ఈ మాట ఎత్తండి. అప్పు విషయంలో ఒకరికొకరు పూచీ పడుతున్నవాళ్లు పిల్లల విషయంలోనూ పడగలరు.

5. దారి, రేవు, వరద

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి ప్రయాణం ఉచితం. అమలాపురం నుంచి రాజమహేంద్రవరం వెళ్లి నన్నయ యూనివర్సిటీలో పీజీ చదవాలన్నా, కాకినాడ వెళ్లాలన్నా బస్సు ఖర్చు ఇప్పుడు అడ్డం కాదు. గుర్తింపు కార్డు బ్యాగులో ఉండాలి. డబ్బు మిగిలింది సరే, బస్సు దిగాక ఊళ్లోకి వచ్చే మూడు నాలుగు కిలోమీటర్ల సంగతి చూడండి. సాయంత్రం ఆరుకి సెంటర్లో బండి వేసుకుని ఎవరుంటారు? అది కూడా ఒక పేరుతో రాసుకోవాల్సిన పనే. చీకటిపడ్డాక ఆటో కోసం నిలబడాల్సి వస్తే కొన్నాళ్లకి "చివరి క్లాసు మానేసి వచ్చెయ్యి" అన్నమాట ఇంట్లోనే మొదలవుతుంది.

గోదావరి పాయల మధ్య లంకల్లో ఉండేవాళ్లకి వర్షాకాలం వేరే ఏర్పాటు కావాలి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 దగ్గర రెండోది, 17.75 దగ్గర మూడోది. 2022 జులైలో మూడోది కూడా దాటి, కోనసీమ లంకలు రోజుల తరబడి నీళ్లల్లో ఉన్నాయి. కాజ్‌వే మునిగితే పడవే గతి. సఖినేటిపల్లి, నరసాపురం మధ్య జనాన్నీ బండ్లనీ నది దాటించే పంటు కూడా వరద ఉద్ధృతిలో ఆపేస్తారు. జులై నుంచి సెప్టెంబరు దాకా ఏ పరీక్ష ఉన్నా, మొదటి హెచ్చరిక వచ్చిన రోజే తల్లినీ చంటిబిడ్డనీ పుస్తకాలతో సహా అవతలి ఒడ్డున చుట్టాలింటికి చేర్చండి. సర్టిఫికెట్ల ఫైలు ప్లాస్టిక్ కవర్లో పెట్టి వాళ్లతోనే పంపండి. ఏ ఇంట్లో దిగాలో జూన్‌లోనే మాట్లాడి ఉంచుకోండి.

అక్టోబరు, నవంబరుల్లో తుఫానులు. 2025 అక్టోబరులో మొంథా నరసాపురం దగ్గరే తీరం దాటింది. హెచ్చరిక రాగానే నోట్సు పీడీఎఫ్‌లు డౌన్‌లోడ్ చేసుకోవడం, ఫోన్లూ చార్జింగ్ లైట్లూ నింపుకోవడం ఎవరో ఒకరు చూసుకోవాలి.

6. కోతలు, పండగలు, పెళ్లిళ్లు

పరీక్షలకీ మన పొలం పనులకీ పడదు. సార్వా కోతలు నవంబరులో, సెమిస్టర్ పరీక్షలూ ఆ చుట్టుపక్కలే. దాళ్వా కోతలు ఏప్రిల్‌లో, మళ్లీ పరీక్షలు. కోతల రోజుల్లో పదిమంది కూలీలకి టీలు, టిఫిన్లు ఇంట్లోంచే వెళ్లాలి. దానికి ఆవిడని లెక్కలో పెట్టుకోవద్దు. ఆ పది రోజులకీ హోటల్‌కి చెప్పేయండి, లేదా తోడికోడలు చూసుకుంటే, ఆవిడ పిల్లల్ని వేసవి సెలవుల్లో ఈవిడ చూసుకుంటుంది. ఇచ్చిపుచ్చుకోవడం బాహాటంగా మాట్లాడుకుంటే తోడికోడళ్ల మధ్య మనసు కష్టం రాదు.

సంక్రాంతికి అల్లుళ్లు, ఆడపడుచులు, కోడిపందేలు చూడటానికి వచ్చే చుట్టాలు, ఇల్లంతా సందడి. నాలుగు రోజులూ పుస్తకం ముట్టమనక్కర్లేదు. ఆవిడకీ పండగే. కానీ పండగ ముందు వారం పిండివంటలూ ఇల్లు కడుక్కోవడమూ ఆవిడ ఒక్కతి మీదే పడకుండా చూడండి. అరిసెలు ఆత్రేయపురంలో పూతరేకులు కొనుక్కున్నట్టే కొనుక్కోవచ్చు.

పెళ్లిళ్ల విషయంలో ఇంటి పెద్దగా మీరు ముందుపడాలి. "మా కోడలికి పరీక్షలు, ముహూర్తానికి వచ్చి అక్షింతలు వేసి వెళ్తుంది, తప్పుగా అనుకోకండి" అని మావయ్యగారు ఫోన్ చేసి చెప్తే ఆ మాటకి విలువ ఉంటుంది. అదే మాట కోడలు చెప్పుకుంటే పొగరు అంటారు.

7. డబ్బు

మెడలో బంగారం తాకట్టు పెట్టి ఫీజు కట్టడం మనకి తేలిగ్గా తోచే దారి. దానికంటే ముందు బ్యాంకులో విద్యారుణం అడగండి. విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు చేయొచ్చు. 7.5 లక్షల దాకా ఆస్తి తాకట్టు లేకుండా ఇచ్చే వీలుంది. భార్య చదువు కోసం భర్త తీసుకున్న రుణం మీద కట్టే వడ్డీకి, పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకి, ఆదాయపు పన్నులో మినహాయింపు వస్తుంది. పెళ్లయినవాళ్ల చదువుకి రుణం రాదనుకుని చాలామంది అసలు అడగరు.

ఫీజు కాక ఆవిడ చేతిలో నెలనెలా కొంత డబ్బు పెట్టండి. జిరాక్సులకి, రికార్డు పుస్తకాలకి, క్యాంటీన్లో టీకి. ప్రతిదానికీ చెయ్యి చాచాల్సి వస్తే పుస్తకం కొనుక్కోవడం మానేస్తుంది, మీకు చెప్పదు కూడా.

8. కాలేజీతో మాట్లాడండి

కాకినాడ జేఎన్‌టీయూ లాంటి యూనివర్సిటీల్లో 75 శాతం హాజరు ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే వైద్య కారణాలు చూపించి, ఫీజు కట్టి కండొనేషన్, అంటే హాజరు లోటు మాఫీ, అడగొచ్చు. 65 కంటే తగ్గితే ఆ సెమిస్టర్ పోతుంది. కాబట్టి కాన్పు వస్తున్న ఏడాది మొదట్లోనే ప్రతి క్లాసూ వెళ్లేలా చూసి, హాజరు కూడబెట్టండి. ఆసుపత్రి కాగితాలు, స్కానింగ్ రిపోర్టులు, డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటి కూడా పారేయొద్దు.

2021 డిసెంబరులో యూజీసీ అన్ని యూనివర్సిటీలకీ లేఖ రాసింది. డిగ్రీ, పీజీ చదివే విద్యార్థినులకి ప్రసూతి సెలవు, హాజరులో సడలింపు ఇచ్చేలా నిబంధనలు చేసుకోమని కోరింది. పీహెచ్‌డీ చేసేవాళ్లకైతే 2022 నిబంధనల్లో 240 రోజుల దాకా ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు, కాలపరిమితిలో రెండేళ్ల సడలింపు ఉన్నాయి. ప్రిన్సిపాల్‌కి అర్జీ పెట్టేటప్పుడు ఈ రెండూ ప్రస్తావించండి. నోటిమాటగా అడగొద్దు. కాగితం మీద రాసి, ఆఫీసులో ముద్ర వేయించుకుని, ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. నెలలు నిండాక కాదు, అయిదో నెలలోనే ఇవ్వండి.

ఇది చదువుతున్నవాళ్లలో లెక్చరర్లు ఉంటే ఒక మనవి. మీ క్లాసులో పిల్లల తల్లులు ఎవరో మొదటి వారంలోనే విడిగా కనుక్కోండి, అందరి ముందూ అడగొద్దు. ఇంటర్నల్ పరీక్ష తేదీ వారం ముందు చెప్తే వాళ్లు ఇంట్లో ఏర్పాటు చేసుకోగలరు. "రేపే టెస్టు" అంటే వాళ్లకి దారి లేదు. పాలిచ్చే తల్లికి స్టాఫ్ రూములో ఒక మూల, తలుపుకి గడియ, పావుగంట సమయం ఇస్తే మధ్యాహ్నం క్లాసులకి ఉండగలుగుతుంది. అది లేక పన్నెండింటికే ఇంటికి పరుగెత్తేవాళ్లు ఉన్నారు.

9. మాట జాగ్రత్త

పిల్లాడికి జ్వరం వస్తే "నువ్వు చదువుకెళ్లడం వల్లే" అనకండి. తల్లి ఇంట్లో ఉన్నా పిల్లలకి జ్వరాలు వస్తాయి. ఆ మాట ఒక్కసారి అంటే చాలు, ఆవిడ క్లాసులో కూర్చున్నా మనసు ఇంటి దగ్గరే ఉంటుంది. వీధిలో ఎవరైనా "ఇద్దరు పిల్లలు పుట్టాక ఇప్పుడెందుకమ్మా చదువు" అంటే, ఆవిడ జవాబు చెప్పేదాకా ఆగకుండా "మేమే చదివిస్తున్నామండి" అని మీరు అనండి. అత్తగారు అరుగు మీద కూర్చుని ఆ మాట అంటే ఊళ్లో ఇంక ఎవరూ మళ్లీ అడగరు.

మార్కులు ఎన్నొచ్చాయని రోజూ అడగకండి. ఈరోజు క్లాసులో ఏం చెప్పారని అడగండి. పెద్ద పిల్లలు ఉంటే వాళ్ల ముందే అడగండి.

10. పరీక్షల వారం

హాల్‌టికెట్ రాగానే సెంటర్ ఎక్కడో వెళ్లి చూసి రండి. పాలు తాగే బిడ్డ ఉంటే సెంటర్‌కి దగ్గర్లో తెలిసినవాళ్ల ఇంట్లో బిడ్డతో ఎవరు ఉంటారో అనుకోండి. పరీక్షకి ముందు పాలిచ్చి లోపలికి వెళ్తే, బయటికి రాగానే మళ్లీ ఇవ్వొచ్చు. మూడు గంటల పరీక్షలో పాలు నిండి నొప్పి చేస్తుంది, రాయడం కష్టమవుతుంది. అందుకే బిడ్డ ఇంట్లో ఉండటం కంటే దగ్గర్లో ఉండటమే నయం. ఆవిడకి ఏదైనా వైద్య అవసరం ఉంటే పరీక్షా కేంద్రం చూసే చీఫ్ సూపరింటెండెంట్‌ని ముందు రోజే కలిసి చెప్పండి.

ముందు రాత్రి బిడ్డ తండ్రి దగ్గర పడుకోవాలి. ఆవిడ ఆరు గంటలైనా తెరిపి లేకుండా నిద్రపోవాలి. నా లెక్కలో ఆ రాత్రి చదివే రెండు పాఠాలకంటే ఆ నిద్రే విలువైనది.

ఒక సబ్జెక్టు పోతే ఇంట్లో దాని గురించి పంచాయితీ పెట్టకండి. రీవాల్యుయేషన్‌కీ సప్లిమెంటరీకీ గడువులు తక్కువ రోజులే ఉంటాయి, ఫలితాలు వచ్చిన రోజే తేదీలు చూసి ఫీజు కట్టేయండి. తర్వాత ఆవిడతో కూర్చుని ఆ సెమిస్టర్‌లో ఏ నెలల్లో చదువుకునే గంటలు పోయాయో చూడండి. ఎక్కువసార్లు అది బిడ్డకి జబ్బు చేసిన వారమో, ఇంట్లో శుభకార్యమో అయి ఉంటుంది. ఆ వారంలో ఆవిడ పని ఎవరూ అందుకోలేదన్నమాట. వచ్చే సెమిస్టర్‌కి ఆ పని ఎదురుగా ఎవరి పేరు రాయాలో అప్పుడే తేల్చుకోండి.